గీతలు పడ్డ గీత

శ్రవణానందం: ఏటేటా ఉగాది సంచికకు



కిందటేడు ఇదే పేజీలో పాత క్యాసెట్లకు పట్టే బూజు గురించి రాశాను. అప్పటినుంచి పాట్‌లక్కుల్లో కొందరు మిత్రులు నన్ను “బూజు బావగారు” అని పిలుస్తున్నారు. ఫరవాలేదు. ఈ ఏడు రికార్డుల మీద గీతల గురించి రాస్తున్నాను కనక, ఈసారి ఏ బిరుదు ఇస్తారో మీ దయ. అయితే ఈ కథ నా తప్పుతోనే మొదలవుతుంది. ఇంకొకరు ఆ తప్పు చెయ్యకుండా ఉంటారని ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.

తెనాలిలో మా నాన్నగారికి ఒక రికార్డు ప్లేయరూ, ఓ పాతిక రికార్డులూ ఉండేవి. వాటిలో ఆయన ప్రాణమంతా ఘంటసాల గారి భగవద్గీత మీదే. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన పాడిన ఆ గీత తెలుగునాట ఇంటింటికీ చేరింది. ముందు శ్లోకం పాడి, ఆ వెంటనే అదే గొంతుతో, తొందర లేకుండా తెలుగులో తాత్పర్యం చెబుతారు. సంస్కృతం రాని మా నాయనమ్మకు కూడా గీత తెలిసిందంటే అది ఆ రికార్డు చలవే.

మన ఊళ్ళలో ఆ రికార్డుకు ఒక చిక్కుంది, మీకు తెలియనిది కాదు. మైకులో అది వినబడితే చాలు, “అయ్యో, ఎవరు పోయారో!” అనుకుంటారు. మా నాన్నగారికి ఈ పట్టింపు లేదు. ఆదివారం పొద్దున్నే వీధి తలుపు బార్లా తీసి మరీ పెట్టేవారు. ఒకసారి మా వీధికి కొత్తగా వచ్చిన మాస్టారు ఉత్తరీయం సర్దుకుంటూ కంగారుగా లోపలికొచ్చి, పడక్కుర్చీలో కాఫీ తాగుతున్న నాన్నగారిని చూసి “అమ్మయ్య!” అని అక్కడే కూలబడ్డారు. “పోయాక వినిపిస్తే ఎవరికండీ లాభం? బతికుండగా వినాలి గానీ” అని నాన్నగారు ఆయనకూ ఓ కాఫీ ఇప్పించారు.

1996లో నాన్నగారు పోయారు. కర్మలన్నీ అయ్యాక అమ్మ ఆ రికార్డును ఆయన పంచెలో చుట్టి నా పెట్టెలో పెట్టింది. “ప్లేయరు కూడా పట్టుకుపోరా, ఇక్కడ వినేవాళ్ళెవరు” అంది. మోసుకొచ్చాను. న్యూజెర్సీలో మా బేస్‌మెంటులో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి తగిలిస్తే ఘంటసాల గారు పదేళ్ళ కుర్రాడిలా పాడారు! వోల్టేజి సరిచేశాను గానీ, మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లూ, ఇక్కడ 60 సార్లూ ఊగుతుందన్న సంగతి ఇంజినీరునై ఉండీ మరిచిపోయాను. ఆ ప్లేయరు మోటారు వేగం ఆ ఊపు మీదే ఆధారపడుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు 40 చుట్లు తిరిగింది. మన లెక్కలో చెప్పాలంటే, ఒకటో శ్రుతిలో పాడిన మనిషి రెండున్నర శ్రుతికి ఎగబాకాడన్నమాట. చివరికి ఇక్కడే ఒక టర్న్‌టేబుల్ కొన్నాను.

ఇక అసలు తప్పు. 2001లో మా ఇంట్లోకి సీడీలు రాసే కంప్యూటరు వచ్చింది. పాత రికార్డుల శబ్దాన్ని శుభ్రం చేస్తుందంటే ఒక సాఫ్ట్‌వేరు కూడా కొన్నాను. రికార్డు కడగలేదు, ముల్లు మార్చలేదు. ఏళ్ళ తరబడి ఆదివారాలు తిరిగిన రికార్డు కదా, వేయించిన ఆవాల్లా చిటపటలు, వెనక పాము బుస. చిటపటలు తీసే మీట చివరిదాకా నొక్కాను. బుస తీసే మీట దానికంటే గట్టిగా నొక్కాను. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య విరామం నల్లటి నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ విని, “శుభ్రంగానే ఉంది గానీ, ఆయన నీళ్ళకుండలో తలపెట్టి పాడుతున్నట్టుందేమిటండీ?” అంది. ఆవిడకు టెక్నాలజీ తెలియదులే అనుకున్నాను.

అక్కడితో ఆగానా? ఒక ఎల్‌పీ రెండు వైపులూ కలిపి ఐదు వందల మెగాబైట్లకు దగ్గరగా ఉంటుంది. ఆ రోజుల్లో అది పెద్ద బరువు. బాగుచేసిన కాపీ ఉంది కదా, మొదట ఎక్కించిన చిటపటల కాపీ ఇంకెందుకని చెరిపేశాను. ఆ సీడీని దసరాకు మన పెద్దవాళ్ళందరికీ పంచిపెట్టి, స్టేజి మీద శాలువా కూడా కప్పించుకున్నాను. మరుసటి ఏడు ఇల్లు మారుతూ రికార్డుల పెట్టెను కారు డిక్కీలో పెట్టి, జూలై ఎండలో రెండు రోజులు అక్కడే మరిచిపోయాను. నాన్నగారి రికార్డు అప్పడంలా వంకర తిరిగింది. బాధ పడ్డాను గానీ, సీడీ ఉందిగా అని సర్దిచెప్పుకున్నాను.

2003లో మన పిల్లలకు గీతాపఠనం పోటీ పెట్టాం. గుర్తున్నవాళ్ళు ఉంటారు. తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు పది శ్లోకాలు తడుముకోకుండా, చక్కటి రాగంతో అప్పజెప్పాడు. హాలంతా చప్పట్లు. న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్దావిడ, ఊళ్ళో సంస్కృతం పాఠాలు చెప్పినావిడ, వాణ్ణి దగ్గరకు పిలిచి, “బాబూ, బంగారంలా పాడావు. కానీ ఫలం అన్నచోట పలం అంటున్నావు. భక్తి అన్నచోట బక్తి. శకీ సకీ తేడా లేదు. అమెరికాలో పుట్టావు కనక నోరు తిరగడం లేదా?” అని మెల్లగా అడిగారు. వాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నో, మామ్మగారూ! నేను అంకుల్ సీడీ చూసే నేర్చుకున్నాను. దాంట్లో అట్లాగే ఉంది” అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, వాణ్ణి సరిదిద్దుదామని సీడీ తెప్పించి హాల్లో స్పీకర్ల మీద పెట్టాను. వాడు చెప్పింది నిజం. పెద్ద స్పీకర్లలో, వంద మంది మధ్య, ఘంటసాలంతటి వాడి నోట ఒత్తులు సగం ఎగిరిపోయాయి. స, శ ఒక్కలా వినబడ్డాయి. అక్షర దోషం లేని మనిషికి నేను అక్షర దోషం అంటగట్టాను. దాన్నే ఓ పసివాడు గురువుగా నమ్మి నేర్చుకున్నాడు.

ఎందుకలా జరిగింది? ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తేలింది. ఒత్తక్షరమంటే ఏమిటి? అక్షరంతో పాటు వదిలే గాలి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ప, ఫ అని చూడండి, చేతికే తెలుస్తుంది. స, శ అన్నవీ గాలి ఒరిపిడే. సలో ఆ ఒరిపిడి ఇంకాస్త పైస్థాయిలో ఉంటుంది, శలో కొంచెం కింద. రికార్డు గాడిలోంచి వచ్చే బుసకూ, మనిషి వదిలే గాలికీ యంత్రం దృష్టిలో పెద్ద తేడా లేదు. బుస తియ్యమంటే అది రెండూ తీసేసింది. నేను మురికనుకుని పారబోసిన దాంట్లో ఆయన ఊపిరి ఉంది.

ఆ కుర్రాడికి ప్రథమ బహుమతి ఇప్పించాం. కంపెనీవారి సీడీ కొనిచ్చి తప్పు దిద్దించాం. పిల్లవాడి సంగతి అలా చక్కబడింది. నా సంగతి చక్కబడలేదు. మళ్ళీ మొదటినుంచి చేద్దామంటే చెరిపేసిన కాపీ రాదు, వంగిన రికార్డు తిరగదు. నాన్నగారు ఇరవై ఏళ్ళు భద్రంగా చూసుకున్న వస్తువు నా చేతిలో ఆరేళ్ళు నిలవలేదు. అమ్మ ఫోనులో అడిగినప్పుడల్లా “ఉందమ్మా, భద్రంగా ఉంది” అనేవాణ్ణి. ఆవిడ 2011లో పోయేదాకా ఆ అబద్ధం అలాగే సాగింది.

2024లో మన సభ్యుల్లో ఒక పిన్నిగారు ఫోను చేశారు. బాబాయిగారు పోయి అప్పటికి మూణ్ణెల్లు. “బాబూ, సామాను సర్దుతుంటే అలమర అడుగున ఒక రికార్డు దొరికింది. నీకు పనికొస్తుందేమో చూడు” అన్నారు. వెళ్ళి చూస్తే అదే గీత! అట్టకు చెక్కు చెదరలేదు. బయటికి తీసి లైటు కింద పట్టుకుంటే నల్లటి చెరువులా మెరిసింది. దుమ్మే గానీ అరుగుదల లేదు.

“ఇంత కొత్తగా ఎలా ఉంచారండీ?” అన్నాను.

“ఎప్పుడైనా పెడితేగా! మా అత్తగారు కొనిచ్చారు. ఇంట్లో పెడితే అశుభమని మీ బాబాయిగారు ఒక్కసారి కూడా పెట్టనివ్వలేదు. ఆయన పోయినరోజు పెడదామంటే ఎక్కడుందో గుర్తు రాలేదు” అని కాసేపు ఊరుకుని, “ఇప్పుడు వింటే ఏమీ కాదు కదా?” అన్నారు.

మా నాన్నగారి మాట చెప్పాను. ఆవిడ నవ్వి రికార్డు నా చేతిలో పెట్టారు. ఈసారి ఎలా చేశానో వరసగా చెబుతాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉంటాయి కనక కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటిది స్నానం. పాత రికార్డు చిటపటల్లో చాలా భాగం గీతలు కావు, గాడిలో పేరుకున్న దుమ్ము. డిస్టిల్డ్ వాటరులో రెండు చుక్కల డిష్ సోపు వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, మళ్ళీ మంచి డిస్టిల్డ్ వాటరుతో కడిగి, నిలబెట్టి ఆరబెట్టాలి. మధ్యనున్న లేబులు తడవకూడదు. పాత 78 ఆర్‌పీఎమ్ ప్లేట్లు లక్కతో చేసినవి. వాటికి ఆల్కహాలు తగిలితే కరిగిపోతాయి, జాగ్రత్త.

రెండోది ముల్లు. అరిగిన ముల్లు ఉలిలా గాడిని చెక్కేస్తుంది. వెయ్యి గంటలు దాటిన ముల్లును నమ్మకండి. ఎల్‌పీ ముల్లు మొన ఒక అంగుళంలో వెయ్యోవంతుకు 0.7 ఉంటుంది. 78 ప్లేట్ల గాడి వెడల్పు, దానికి 3 కావాలి. సన్నటి ముల్లు వేస్తే గాడి అడుగున మురికిలో దొర్లుతుంది. తాతగారి పద్యనాటకం ప్లేట్లున్నవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మూడోది హమ్ము. పిన్నిగారి రికార్డు మొదటిసారి పెట్టినప్పుడు స్క్రీను మీద 60 దగ్గర ఒక గీత నిలబడింది. అది ఇక్కడి కరెంటు, మా ఇంటి పాపం. టర్న్‌టేబుల్ వెనక ఊడిపోయిన గ్రౌండు తీగ బిగిస్తే మాయమైంది. కానీ సరిగ్గా 50 దగ్గర ఇంకొకటి, సన్నగా, మిగిలే ఉంది. కాసేపటికి గానీ తట్టలేదు. అది మన దేశపు కరెంటు! ఘంటసాల గారు పాడుతున్న ఆ గదిలోని యంత్రాల్లోంచి టేపులోకి, టేపులోంచి గాడిలోకి దిగి, ఇన్ని దశాబ్దాల తర్వాత మా బేస్‌మెంటులో వినబడుతోంది. అది సరిగ్గా 50 దగ్గర ఉందంటే నా వేగం కూడా సరిగ్గా ఉన్నట్టే లెక్క. దాన్ని తియ్యలేదు. ఎవరి చెవినీ ఇబ్బంది పెట్టడం లేదు, ఉండనీ.

నాలుగోది ఎక్కించడం. రికార్డు చేసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి గాడి కోస్తారు. 1954 నుంచి ఆ లెక్కకు ఆర్‌ఐఏఏ అని పేరు. దాన్ని తిరగేసి సరిచేసే ఫోనో ప్రీయాంప్ మధ్యలో లేకుండా కంప్యూటరుకు నేరుగా తగిలిస్తే పల్చగా, గీ పెట్టినట్టు వస్తుంది. నేను 24 బిట్లతో, సెకనుకు 96,000 నమూనాల చొప్పున ఎక్కించాను. నిమిషానికి 35 మెగాబైట్ల దాకా అవుతుంది, ఈ రోజుల్లో అదొక బరువే కాదు. మీటరులో అత్యధిక స్థాయి సున్నాకు ఆరు డెసిబెళ్ళ కిందే ఉండేలా చూసుకున్నాను. సున్నా దాటి తల తెగిన స్వరాన్ని మళ్ళీ అతకడం కష్టం.

ఐదోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. ఎక్కించిన ఆ ముడి కాపీని అలాగే మూడు చోట్ల దాచాను. దాన్ని ముట్టుకోను. ఏ మరమ్మతయినా దాని నకలు మీదే. నా కంటే మంచి చెవి, నా కంటే మంచి యంత్రం రేపు ఎవరి దగ్గరో ఉండవచ్చు. వాళ్ళకు మొదలంటూ ఉండాలి కదా.

ఇక మరమ్మతు. రెండో వైపు ఒక చిన్న గీత ఉంది, గోరంత. గాడుల్ని అడ్డంగా కోసింది కనక 1.8 సెకన్లకు ఒకసారి టక్కుమంటుంది. రికార్డు ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం అది. లెక్కపెడితే పదకొండు టక్కులు. అన్నిటికీ కలిపి మీట నొక్కకుండా, ఒక్కొక్కదాన్నీ స్క్రీను మీద పెద్దది చేసి, చేత్తో సరిచేశాను. ఉచితంగా దొరికే ఆడాసిటీలో దీనికి రిపేర్ అని ఒక కమాండుంది. అది ఒకేసారి 128 నమూనాల వరకే ముట్టుకుంటుంది. ఆ పరిమితి మంచిదే, నాలాంటి అత్యుత్సాహులకు ముకుతాడు.

చివరగా బుస. ఈసారి ఆరు డెసిబెళ్ళే తగ్గించాను. అందులోనే రెసిడ్యూ అని ఒక ఏర్పాటుంది. బాగుచేసిన పాటను కాక, తీసేస్తున్న చెత్తను మనకు వినిపిస్తుంది. ఈ ఉత్తరమంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: ఉంచిన దాన్ని వినే ముందు, తీసేసిన దాన్ని వినండి. చెత్తలో ఉత్త బుసే వినబడితే మీరు సరిగ్గా చేసినట్టు. అందులో మనిషి గుసగుస వినబడిందా, మీరు చీపురుతో పాటు మనిషిని కూడా ఊడ్చేస్తున్నారు. మొదట పన్నెండు పెట్టి చూశాను. చెత్తలోంచి ఫ, ఖ, స, శ గుసగుసలాడాయి. 2001లో నేను పారబోసింది ఇదే కదా అని ఒళ్ళు జలదరించింది. ఆరుకు దించాను. గుసగుసలు ఆగిపోయాయి.

పని పూర్తయ్యాక పిన్నిగారిని మా ఇంటికి పిలిచాం. ఒక ఆదివారం పొద్దున్నే, కావాలనే. వీధి తలుపు తీసిపెట్టాను. మా వీధిలో ఎవరికీ తెలుగు రాదు కనక కంగారు పడి వచ్చేవాళ్ళు లేరు, అదొక్కటే లోటు. ఆవిడ కాఫీ ముట్టుకోకుండా ఒక వైపంతా విన్నారు. వెనక సన్నటి బుస ఉంది, అక్కడక్కడా ఒక చిటపట ఉంది. ప్రతి శ్లోకం ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినబడింది. మా ఆవిడ నా వైపు చూసి, “కుండలోంచి బయటికొచ్చారండీ” అంది.

పిన్నిగారు లేచి వెళ్తూ, “నలభై ఏళ్ళు భయపడ్డాం బాబూ. ఇందులో భయపడ్డానికేముంది? భయపడవద్దనే కదా ఆయన చెబుతున్నది” అన్నారు. రెండో వైపు వినడానికి మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చారు.

ఆనాటి తొమ్మిదేళ్ళ కుర్రాడు ఇప్పుడు టెక్సాస్‌లో డాక్టరు. ఈ సంగతి విని ఫోను చేశాడు. పసివాడిగా ఉన్నప్పుడు వాడి కళ్ళలో నీళ్ళు తెప్పించినందుకు ఇన్నేళ్ళకు క్షమాపణ చెప్పుకున్నాను. “అదేం లేదు అంకుల్, ఆ రోజే నాకు ఫకీ పకీ తేడా తెలిసింది” అని ఫోనులోనే ఒక శ్లోకం అందుకున్నాడు. ఒత్తులన్నీ ఉన్నాయి. ఫోనులో కూడా వినబడ్డాయి.

చివరిగా ఒక మనవి. అందరికీ తెలిసిన పెద్ద రికార్డులు కొనుక్కుంటే దొరుకుతాయి, కొనుక్కోండి. కంపెనీవారి సొత్తును కాపీలు తీసి పంచడం, 2001లో నేను చేసిన రెండో తప్పు. అది చెయ్యకండి. కానీ మీ బేస్‌మెంట్లలో హరికథలు, బుర్రకథలు, పద్యాల ప్లేట్లు, మళ్ళీ ఎప్పుడూ ఎక్కడా రానివి ఉండవచ్చు. పెద్దవాళ్ళ సామాను సర్దేటప్పుడు వాటిని డోనేషను సంచిలో పడెయ్యకండి. ఎండలో పెట్టకండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఉగాది సంబరాల రోజున హాలు గుమ్మం పక్కన, పులిహోర బల్ల తర్వాతి బల్ల నాదే. తీసుకురండి. కడిగి, ఎక్కించి, ముడి కాపీతో సహా మీకే తిరిగిస్తాను. డిక్కీలో మాత్రం పెట్టను, ఒడిలో పెట్టుకునే తీసుకెళ్తాను.

నాన్నగారి వంకర రికార్డు ఇప్పటికీ అదే పంచెలో ఉంది. అమ్మకు చెప్పిన మాటలో అంతవరకైనా నిజం మిగిలింది.